దాసోహము ఎన్ని దినములు?



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరమును దాటినది. ఆ ఉదయమున కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల వారు తలుపులు తెరచి చూడగా తోటలు లేవు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని నేను పిల్లలకు పాఠము చెప్పుచుండెడివాడను. ఆనాడు ఆ మాటకు అర్థము నేలపై పడియుండెను. కొబ్బరిచెట్లు విరిగినవి, జీడిమామిడి, పనసలు వేళ్లతో పెకలి పడినవి. పూరిండ్లు కూలినవారు బిడ్డలతో బడులలో తలదాచుకొనిరి. కరెంటు లేక మోటార్లు ఆగి, త్రాగునీటికే కరవు వచ్చినది.

మేమును కొందరము కలిసి పులిహోర వండించి బండిపై తీసికొనిపోతిమి. దాచనేల? పెద్దరోడ్డు ప్రక్కనున్న మొదటి ఊరిలోనే బండి ఖాళీ అయినది. లోపలి ఊళ్ల దారికి చెట్లు అడ్డముగా పడియున్నవని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి. తిరిగి వచ్చుచుండగా ఒక ముసలమ్మ పొట్లములు కొంగున మూటగట్టుకొని నడచిపోవుచుండెను. "పొద్దుటి నుంచి మూడు బళ్లొచ్చాయి బాబూ, అన్నీ మాకే. లోపల మా పిల్ల ఉన్న ఊరికి ఒక్కటీ ఎల్లనేదు" అనినది. పడిన చెట్లు ఆమెకు అడ్డము కాలేదు.

ఆ రాత్రి నాకు ఆయ్దక్కి మారయ్య దంపతులు జ్ఞప్తికి వచ్చిరి. 12వ శతాబ్దమున, బసవేశ్వరుల కాలమున, కల్యాణములో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆయన ఇల్లాలు లక్కమ్మ జంగమ దాసోహము నడిపెడిది. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైనది తీసికొనిపోయి తెచ్చినచోటనే వేసి రమ్మనెను. మన గడపలో అవసరమునకు మించి చేరినది మరియొకరి పాలుగదా! మా బండి చేసినదేమి? ఒక గడపలో మూడు పాళ్లు పోసి, మరియొక గడపను ఎండగట్టినది.

దాసోహమనగా నేను దాసుడనని అర్థము. దాత పైనను, గ్రహీత క్రిందను నిలుచు దానము వేరు. దాసుడు అయ్యవారి ఆకలి తీరువరకు కదలడు. మనమో, కొన్ని దినములు పొట్లములు పంచి ఇండ్లకు మరలితిమి. నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. చెట్టునకింతయని లెక్కించిన పరిహారము చెట్టుగలవానికి చేరును. ఆ చెట్టెక్కి కాయలు దింపి బ్రదుకువాడు, పీచు వలిచి కూలి తెచ్చుకొను ఇల్లాలు, జీడిపిక్కలు ఒలిచి పిల్లలను పోషించు తల్లి, వీరికి ఒక్క చెట్టును లేదు. వీరి ఆకలి తుఫాను నాటిది కాదు. తుఫాను మాట అందరును మరచిన తరువాతిది.

దానికితోడు మూత్రపిండముల వ్యాధి మన ఉద్దానమును ఏనాటినుండియో పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది, మంచిదే. కాని డయాలసిస్ వారమునకు రెండు మూడు మారులు చేయించుకొనవలెను, ప్రతిమారును వెంట ఒకరుండవలెను. ఆ దినమున ఇంటిలో ఇద్దరి కూలి పోవును. మందు ఉచితమైనను పొయ్యి ఉచితముగా మండునా? ఇంటి అద్దె కట్టలేక సామాను బయట పెట్టుకొనిన కుటుంబమును నేను కంటితో చూచితిని.

తుమకూరు సిద్ధగంగా మఠమున 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యము చెందిన శివకుమార స్వామివారు అన్నము, అక్షరము, ఆశ్రయము మూడింటిని దశాబ్దముల తరబడి వేలాది బాలురకు ఎడతెగక నడపిరి. మన ఊరిలో అంతటి మఠము లేదు. ఎసట పోయునప్పుడు పిడికెడు బియ్యము వేరొక కుండలో వేయుట ఏ ఇంటికి కష్టము? మా వీధిలో కొన్ని ఇండ్లవారు అట్లు చేయుచున్నారు. నెలకొకసారి కుండలన్నియు ఒకచోట గుమ్మరించి, చీకటి పడిన తరువాత రెండిండ్లకు చేర్చుదురు. ఫొటోలు తీయరాదని మొదటనే అనుకొంటిమి. అందుకొనువారితో "మీకేమి పని వచ్చును?" అని అడుగుటయు నియమమే. కాయకము లేని దాసోహము కుంటిది.

మొన్న ఒక ఇల్లాలు బియ్యపు సంచిని విప్పకయే తిరిగి పంపినది. పెద్దపిల్లవానికి పని దొరికినదట, చివరి ఇంటివారికి ఇండని కబురు. మరునాటినుండి ఆమె ఇంటను ఒక కుండ పెట్టినది. ఆమె పేరు వ్రాయవద్దన్నది, వ్రాయుట లేదు.