ఫోను ఎవరిది?

పెద్దమ్మ నన్ను అడిగిన ప్రశ్న చాలా చిన్నది. "ఆ బొత్తాం సంగతి నాకొక్క ముక్క సెప్పొచ్చు కదా బాబూ?" అంది. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్సీ చదివి, ఇరవయ్యేళ్లుగా ఆ విద్య మీదే అన్నం తింటున్నవాణ్ణి, జవాబు దొరక్క నేలచూపులు చూశాను.

ముందు పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడ తాతగారు తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చి, పెరాక్‌లో బాగన్ డాతో దగ్గర కొబ్బరి తోటల్లో కూలికి కుదిరారు. ఇప్పుడు ఆ ఊరిని బాగన్ దతుక్ అంటున్నారు. పెద్దమ్మ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పెళ్లయ్యాక క్లాంగ్‌లో స్థిరపడింది. నేను గుంటూరు నుంచి 2006లో ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన కొత్తలో, ఒక ఉగాది సంబరాల్లో నా పక్క కుర్చీలో కూర్చుని, "ఏటి బాబూ, ఏ ఊరు మీది?" అని పలకరించింది. ఎప్పుడూ శ్రీకాకుళం చూడని మనిషి నోట శ్రీకాకుళం యాస విని నాకు ఒళ్లు పులకరించింది. ఆ రోజు నుంచి ఆవిడ పెద్దమ్మ, నేను బాబు.

2020 మార్చి 18న మలేషియాలో కరోనా ఆంక్షలు మొదలయ్యాయి. కొన్నాళ్లకి ఏ దుకాణంలోకి అడుగుపెట్టాలన్నా మైసెజాతెరా అనే ప్రభుత్వ యాప్ తెరిచి, గుమ్మం దగ్గర అతికించిన క్యూఆర్ గుర్తుకి చూపించాల్సి వచ్చింది. పెద్దమ్మ దగ్గరున్న బొత్తాల ఫోనుకి ఆ విద్య రాదు. నా పాత ఆండ్రాయిడ్ ఫోను ఒకటి సొరుగులో పడి ఉంటే, తుడిచి, చార్జి పెట్టి, పట్టుకెళ్లి ఇచ్చాను. ఆవిడ సంతోషం చూసి పుణ్యకార్యం చేశాననుకున్నాను.

అది "రూట్" చేసిన ఫోను.

ఈ మాట తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఆండ్రాయిడ్‌కి అడుగున ఉన్నది లినక్స్. అందులో ప్రతి యాప్‌నీ ఒక వేరే అద్దెదారుగా చూస్తారు. ఎవరి గది వారిది, ఎవరి తాళం వారిది, పక్కగదిలోకి తొంగి చూడటానికి వీల్లేదు. అన్ని గదుల తాళంచెవులూ ఉన్న వాడుకరి ఒకడుంటాడు. వాడి సంఖ్య సున్నా, వాడి పేరు రూట్. విచిత్రమేమిటంటే, డబ్బిచ్చి ఫోను కొనుక్కున్నా మనకి ఆ అధికారం ఇవ్వరు. సొంత ఇంట్లో మనమూ ఒక అద్దెదారులమే. ఆ అధికారాన్ని ఏదో ఒక ఉపాయంతో చేజిక్కించుకోవడమే రూట్ చేయడం.

2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను జీ1లో ఇది హాస్యాస్పదమైనంత సులువు. అందులో ఒక లోపం వల్ల, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరం వెనకాల రూట్ అధికారంతో నడుస్తున్న మరో చోటికి కూడా చేరేది. స్నేహితుడికి కబురు రాస్తూ "రీబూట్" అన్న మాట కొట్టి ఎంటర్ నొక్కితే, ఫోను బుద్ధిగా ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది! ఆ లోపాన్ని వెంటనే సరిదిద్దారు. కానీ తాళాలు వేసేవాళ్లకీ తీసేవాళ్లకీ మధ్య ఆట అప్పటి నుంచీ సాగుతూనే ఉంది.

నేను సరదాకి రూట్ చేయలేదు, కోపంతో చేశాను. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా యాప్ వేసుకునేటప్పుడే అది అడిగిన అనుమతులన్నీ ఇవ్వాలి, లేదంటే యాపే వద్దనుకోవాలి. టార్చిలైటు యాప్‌కి నా చిరునామాల పుస్తకం ఎందుకని అడిగేందుకు లేదు. 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సరిగ్గా ఒక టార్చిలైటు యాప్ మీదే చర్య తీసుకుంది. మనం వెలుతురు కోసం వేసుకుంటే, అది మనం ఉన్న చోటునీ ఫోను గుర్తింపునీ ప్రకటనల కంపెనీలకి చేరవేస్తోందని తేల్చింది. అదే నెలలో ఇంకో తమాషా జరిగింది. ఆండ్రాయిడ్ 4.3లో అనుమతులను విడివిడిగా ఆపే మీట ఒకటి లోపల దాగి ఉండేది. 4.4.2లో గూగుల్ దాన్ని తీసేసింది. ఆ రాత్రే నా ఫోను రూట్ చేశాను. ఎక్స్‌ప్రైవసీ లాంటి పనిముట్లు వేసి, నా పరిచయాల జాబితా అడిగిన ఆటలకి ఖాళీ కాగితం అందేలా చేశాను. ఏ యాప్ ఇంటర్నెట్‌కి వెళ్లొచ్చో ఏది వెళ్లకూడదో నేనే నిర్ణయించాను. అప్పటికి మూడేళ్ల ముందే, 2010లో, ఫోను తాళం ఇలా తీసుకోవడం కాపీరైటు చట్టాన్ని ఉల్లంఘించడం కాదని అమెరికాలో మినహాయింపు కూడా ఇచ్చారు. న్యాయం నా పక్షాన ఉందనిపించింది.

తర్వాత బ్యాంకులు వచ్చాయి. రూట్ చేసిన ఫోనులో చాలా బ్యాంకుల యాప్‌లు తెరుచుకోవు. వాళ్ల భయంలో అర్థం ఉంది. అన్ని గదుల తాళాలూ తీయగల వాడు ఇంట్లో తిరుగుతుంటే ఇనప్పెట్టె ఎవరు పెడతారు? దానికీ విరుగుడు దొరికింది. మ్యాజిస్క్ అనే పనిముట్టుతో, బ్యాంకు యాప్ అడిగినప్పుడు "ఇక్కడ రూట్ లేదండీ" అని ఫోను చేత చెప్పించవచ్చు. చెప్పించాను. అదొక అబద్ధమని నాకు తెలుసు. నా డబ్బు, నా ఫోను, నా అబద్ధం అని సర్దుకున్నాను.

పెద్దమ్మకిచ్చిన ఫోనులో ఇవన్నీ అలాగే ఉంచాను. ఆవిడ బ్యాంకు యాప్ నుంచీ రూట్‌ను దాచిపెట్టాను. తెలుగు పంచాంగం యాప్ ఒకటి ప్లే స్టోర్‌లో లేకపోతే, బ్రౌజరు నుంచి బయటి యాప్‌లు వేసుకునే అనుమతి ఇచ్చి దింపాను. ప్లే ప్రొటెక్ట్ అనే కాపలాదారు దాని మీద గొణుగుతుంటే, వాడి నోరు మూయించాను. అంతా అరగంట పని. తిథి, వర్జ్యం చూసుకుని పెద్దమ్మ మురిసిపోయింది. నేను ఏయే మీటలు మార్చానో ఆవిడకి ఒక్కటీ చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను.

2022 దీపావళికి ముందు ఇల్లు కడిగించుకోవాలని, ఫేస్‌బుక్‌లో చవగ్గా కనిపించిన ఒక ప్రకటన పట్టుకుంది. అవతలివాళ్లు వాట్సాప్‌లో తియ్యగా మాట్లాడి, తమ యాప్ వేసుకోమని ఒక లంకె పంపారు. బుకింగుకి పది రింగిట్లు కట్టమన్నారు. యాప్‌లో అచ్చం ఆవిడ బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుంది. పేరు, పాస్‌వర్డు కొట్టింది. యాప్ మొదట్లోనే సంక్షిప్త సందేశాలు చదివే అనుమతి అడిగి పుచ్చుకుంది కాబట్టి, బ్యాంకు పంపిన టాక్ అంకె ఆవిడ కంట పడకముందే దొంగల చేతికి చేరింది. మనవరాలి కాలేజీ ఫీజుకని చీటీలు కట్టి దాచిన 9,600 రింగిట్లు పోయాయి.

నన్ను బాధించే విషయం మరొకటుంది. ఈ మోసం నాకు కొత్త కాదు. మలేషియాలో ఇల్లు శుభ్రం చేసే సంస్థల పేర్లతో నకిలీ యాప్‌లు పెట్టి, ఎనిమిది బ్యాంకుల ఖాతాదారులకి వల వేస్తున్నారని ఈసెట్ అనే భద్రతా సంస్థ ఆ ఏప్రిల్‌లోనే ప్రకటించింది. చదివాను. ఆఫీసులో నలుగురికి పంపాను కూడా. పెద్దమ్మకి పంపలేదు. సెప్టెంబరులో బ్యాంక్ నెగారా, సందేశాల్లో అంకెలు పంపే పద్ధతి మానుకుని గట్టి పద్ధతికి మారమని బ్యాంకులకి చెప్పింది. అక్టోబరులో మోసపోయినవారి కోసం 997 అనే నంబరు మొదలైంది. దానికీ ఫోన్ చేశాం, పోలీసు రిపోర్టూ ఇచ్చాం. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. చూశాక, దాచకుండా చెప్పాను: బయటి యాప్‌ల తలుపు తెరిచింది నేను, కాపలాదారుని పంపేసింది నేను. అప్పుడే ఆ ప్రశ్న అడిగింది.

ఇలాంటప్పుడు మనసు వెంటనే ఒక వకీలుని కుదుర్చుకుంటుంది. నా వకీలు బాగానే వాదించాడు. దొంగకి రూట్‌తో పనే పడలేదు, సందేశాలు చదివే అనుమతి మామూలు ఫోనులోనూ ఇవ్వొచ్చు. ప్లే ప్రొటెక్ట్ ఉన్నా ఆ యాప్‌ని పట్టుకునేదన్న హామీ లేదు. పాస్‌వర్డు కొట్టింది ఆవిడ వేళ్లే. ఇవన్నీ నిజాలే. కానీ దొంగ వచ్చిన దారిలో రెండు గడియలు ఉండాల్సింది, ఆ రెండూ నేనే తీశాను. ఆ రెండిట్లో ఏదో ఒకటి ఆవిడని ఒక్క నిమిషం ఆపి, నాకు ఫోన్ చేయించేదేమో. ఆ నిమిషాన్ని నేను తీసేసుకున్నాను.

అయితే కంపెనీల మాటే ఒప్పా? తాళంచెవి మనిషి చేతికి ఇవ్వకూడదా?

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో రాసిన స్వేచ్ఛ గురించిన పుస్తకంలో ఒక వంతెన కథ ఉంది. ఒకడు కూలిపోయే వంతెన మీదికి వెళుతున్నాడు, హెచ్చరించే వ్యవధి లేదు. అప్పుడు వాణ్ణి పట్టి వెనక్కి లాగడం తప్పు కాదంటాడు మిల్, ఎందుకంటే నీళ్లలో పడాలని వాడు కోరుకోలేదు. కానీ ప్రమాదం తప్పదన్నంత ఖాయం కాకపోతే, వాడికి సంగతి చెప్పి వదిలేయాలి. వెళ్లాలో వద్దో వాడిష్టం. ఫోను కంపెనీలు చేసేది మొదటిది, ఎల్లకాలం, అందరికీ. హెచ్చరించే వ్యవధి బోలెడుండగా కూడా పట్టుకుని లాగుతున్నారు. పైగా లాగే చేతులు స్వార్థం లేనివీ కావు. నా సమాచారం అమ్ముకునే యాప్‌కి ఖాళీ కాగితం ఇద్దామంటే కూడా ఆ తాళమే అడ్డం. కొన్నేళ్లు తిరక్కుండా భద్రతా సవరణలు ఆపేసి, నిక్షేపంలాంటి ఫోనుని పారేయమనేదీ వాళ్లే. అలాంటి ఫోనుకి లినియేజ్ లాంటి వ్యవస్థ ఎక్కించి ప్రాణం పోసేది తాళం తీసినవాళ్లే.

ఇక్కడి ఇళ్లు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మలేషియాలో తలుపుకీ కిటికీలకీ ఇనప గ్రిల్లు, దానికి తాళం. దొంగ భయం మరి. కానీ రాత్రి మంటలు లేచినప్పుడు తాళంచెవి దొరక్క లోపలే చిక్కుకుపోయిన కుటుంబాల వార్తలూ చదువుతుంటాం. దానికి మందు గ్రిల్లు పీకేయడం కాదు, తాళంచెవిని వీధివాడికిచ్చి ఊరుకోవడమూ కాదు. లోపల పడుకున్నవాళ్లకి తాళంచెవి ఎక్కడుందో తెలిసి ఉండాలి.

ఇక్కడే నా తప్పు నాకు కనిపించింది. కంపెనీల మీద నా ఫిర్యాదంతా ఒక్కటే: నన్నడక్కుండా, నాకు చెప్పకుండా, నాకేది మంచిదో వాళ్లే తేల్చేశారని. మరి పెద్దమ్మ విషయంలో నేను చేసిందేమిటి? వాళ్లు నన్నడక్కుండా తాళం వేశారు, నేను ఆవిడనడక్కుండా తీశాను. ఆవిడ పేరు మీద బ్యాంకుకి అబద్ధం చెప్పించాను. నా అబద్ధం నా ఇష్టమనుకోవచ్చు. ఆవిడ అబద్ధం ఆవిడకి తెలియాలి కదా! స్వేచ్ఛ ఇస్తున్నాననుకుంటూ పెత్తనం చేశాను.

అందరికీ అన్నీ అర్థమవుతాయా అని అడుగుతారు. నాకు మాత్రం అన్నీ అర్థమయ్యాయా? సొంతంగా రాయని ప్రోగ్రాముని పూర్తిగా నమ్మలేమని కెన్ థాంప్సన్ 1984లోనే ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివారు రాసిన పనిముట్లని నమ్మే నేను రూట్ చేశాను. పైగా మన ఫోను ఎంత పదిలంగా ఉంచుకున్నా బయటి తలుపులు మన చేతిలో ఉండవు. మూడు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న ఈ దేశంలో నాలుగు కోట్ల అరవై లక్షల మొబైల్ నంబర్ల వివరాలు బయటపడ్డాయని 2017 అక్టోబరులో తెలిసింది. అందులో నా నంబరుంటే నేనేం చేయగలిగేవాణ్ణి? అంటే మనందరం ఎవరినో ఒకరిని నమ్మే బతుకుతున్నాం. నమ్మిన మనిషికి, ఏం నమ్ముతున్నాడో చెప్పడమే నమ్మించినవాడు చేయగల కనీస న్యాయం.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీ కాదు. మర్నాడు 9,600 రింగిట్లు కవర్లో పెట్టి తీసుకెళ్లాను. వద్దంటుందనీ, నేను బలవంతం చేస్తాననీ ఊహించుకున్నాను. పెద్దమ్మ కవరు తీసుకుని లెక్కబెట్టింది. సగం తీసి నా ముందు పెట్టింది.

"తలుపు తీసింది నువ్వు, దొంగకి కుర్చీ ఏసింది నేను. సగం నీది, సగం నాది," అంది.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఆ ఫోనులోని ప్రతి మీటా చూశాం. ఒక పూట పట్టింది. రూట్ అంటే ఏమిటో అద్దె ఇళ్ల పోలికతోనే చెప్పాను. అర్థం కాదనుకున్నది నా అహంకారమే. తోటల్లో కూలివాళ్ల లైన్ ఇళ్లు, దొర చేతిలో తాళంచెవులు ఎరిగిన మనిషికి ఆ పోలిక నాకన్నా బాగా తెలుసు. అంతా విని ఆవిడే తేల్చింది: "బ్యాంకున్న ఫోనుకి తాళం ఏసీ. పంచాంగం నీ ఫోన్లో చూసి సెప్పు." వేశాను. నేను కూడా నా బ్యాంకుని తాళమున్న ఫోనులోకి మార్చుకున్నాను. రూట్ ఉన్న ఫోను ఇంకా నా దగ్గరుంది. అది నా హక్కనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అబద్ధం చెప్పించడం మాత్రం మానేశాను.

ఈ తగువు ఇంతటితో ఆగదు. తమకి గుర్తింపు చూపించిన వారి యాప్‌లే ఫోన్లలో వేసుకోనిస్తామని, 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెడతామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. బ్రెజిల్ తప్ప మిగతావి మా చుట్టుపక్కల దేశాలే. ఆ వార్త పెద్దమ్మకి చెప్పాను. మంచిదే అంటుందనుకున్నాను.

"మరి ఆ తాళంసెవి ఎవరికాడ ఉంటాది?" అంది.

ఆ ప్రశ్న నేర్చుకోవడానికి నాకు ఒక ఎమ్మెస్సీ పట్టింది, ఆవిడకి 4,800 రింగిట్లు పట్టాయి. ఫోను పెట్టేసేముందు ఇంకో మాట అడిగింది: "నా ఫోన్లో నాకు సెప్పనిది ఇంకేటైనా ఉందా బాబూ?" లేదు పెద్దమ్మా అన్నాను. అనేముందు, మా ఇద్దరం రాసుకున్న జాబితా తీసి రెండుసార్లు చూసుకున్నాను.