దొంగలా వచ్చేవాడు, తలుపు తట్టేవాడు

పాటీ అనే యువతి ఉదయం నిద్ర లేస్తుంది. ప్రపంచమంతటా ఎంతోమంది ఉన్నట్టుండి మాయమయ్యారని రేడియో చెబుతూ ఉంటుంది. భర్తను పిలుస్తుంది, పలకడు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి చూస్తే వాష్‌బేసిన్‌లో కరెంటు రేజర్ బుర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకున్న మనిషి లేడు.

1972లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తీసిన ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ (రాత్రివేళ దొంగ) సినిమా ఇలా మొదలవుతుంది. దర్శకుడు డొనాల్డ్ థాంప్సన్, నిర్మాత రస్సెల్ డౌటెన్. పేరున్న తారలు లేరు, ఖర్చూ తక్కువే. చర్చి హాళ్లలో, యువజన శిబిరాల్లో తెల్లటి తెర కట్టి దీన్ని చూపించారు. దీని తర్వాత 1983 వరకు మరో మూడు భాగాలు వచ్చాయి. ఇది చూసి ప్రార్థనకు మోకరించినవాళ్లు చాలామంది. బడి నుంచి ఇంటికొచ్చి, అమ్మ కనబడకపోతే ‘అందరూ ఎత్తబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలిపోయాను’ అని వణికిపోయిన పిల్లలూ చాలామందే. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా ఆ వణుకును మరిచిపోలేదు.

సినిమా వెనకున్న బోధ మన సంఘాలకు కొత్త కాదు. విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడుట, ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, మృగము ముద్ర అనే వరుసను 1830ల నుంచి గట్టిగా బోధించినవాడు బ్రెదరెన్ ఉద్యమానికి చెందిన జాన్ నెల్సన్ డార్బీ. 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు నోట్సుతో అది అమెరికాలో ఇంటింటికీ చేరింది. 1836లో ఇండియాకు వచ్చి, తర్వాత నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పనిచేసిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు కూడా బ్రెదరెన్ వారే. ఈనాడు మన ఊళ్ల ఉజ్జీవ సభల్లో ‘రాకడ సమీపించింది’ అన్న మాట వినని రాత్రి ఉండదు. కాబట్టి ‘నువ్వు సిద్ధంగా ఉన్నావా’ అని అయోవా సినిమా అడిగిన ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

సినిమా పేరు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలోది. ఆ పత్రిక దాదాపు క్రీ.శ. 50 నాటిది. అది రాయడానికి కారణం ఏమిటో చూడాలి. ప్రభువు వస్తాడని ఎదురుచూస్తున్న ఆ చిన్న సంఘంలో కొందరు చనిపోయారు. ముందే కన్నుమూసినవాళ్ల గతి ఏమిటన్నది మిగిలినవాళ్ల దిగులు. ఆ దుఃఖానికి జవాబుగా పౌలు మేఘాల మీద ఎదుర్కోవడం గురించి రాశాడు: చనిపోయినవాళ్లు ముందు లేస్తారు, తర్వాత మనమూ వాళ్లతో కలుస్తాం, ఎవరూ ఎవరికీ దూరం కారు. ఈ మాటలతో ఒకరినొకరు ఓదార్చుకోమని ముగించాడు. చావింట్లో కూర్చుని చెప్పిన మాటలవి. ఎడబాటు లేదని చెప్పడానికి పుట్టిన వాక్యం సినిమాలో ఎడబాటు చిత్రంగా మారిపోయింది. రేజర్ మిగిలింది, భర్త లేడు!

అక్కడితో నాలుగో అధ్యాయం అయిపోతుంది. ఈ అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో వచ్చింది. పౌలు కలం ఆగలేదు. వెంటనే, ఆ దినం రాత్రి దొంగలా వస్తుందని రాశాడు. మరి రెండు వాక్యాలు దాటగానే మీరు చీకటిలో లేరనీ, ఆ దినం మీ మీదికి దొంగలా రాదనీ, మీరు పగటి సంబంధులనీ అదే చేత్తో రాశాడు. సినిమా మొదటి మాట దగ్గర ఆగిపోయింది. పౌలుకు ఆ మాట మలుపు మాత్రమే. నా దృష్టిలో ఈ విషయమంతా ఆ మలుపులోనే ఉంది. వచ్చేవాడి స్వభావం మారదు. చీకట్లో పడుకున్నవాడికి ఆయన దొంగలా కనిపిస్తాడు.

ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. సార్దీస్ సంఘానికి క్రీస్తు రాయించిన మాట: మెలకువగా లేకపోతే దొంగలా వస్తాను. ఆ ఊరివాళ్లకు ఈ మాట ఎందుకు గుచ్చుకుంటుందో వాళ్ల చరిత్రే చెబుతుంది. సార్దీస్ కోట నిటారైన కొండ మీద ఉంది. ఎవరూ ఎక్కలేరని ఒక వైపు కాపలా పెట్టలేదు. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో పారసీక రాజు కోరేషు ముట్టడించినప్పుడు, పైనుంచి ఒక సైనికుడి శిరస్త్రాణం జారి కింద పడిందట. అతను ఆ వైపునే దిగివచ్చి దాన్ని తీసుకుపోయాడు. కోరేషు పక్షంలో ఒకడు అది చూశాడు. అదే దారిన ఎక్కారు, కోట పడిపోయింది. ఈ కథ హెరొడోటస్ చెప్పాడు. తర్వాత మూడో అంతియొకు అనే రాజు కాలంలోనూ, క్రీ.పూ. 214 ప్రాంతంలో, కాపలా లేని చోటి నుంచే ఆ కోట మళ్లీ చేజారింది. ‘ఇటువైపు భయం లేదు’ అనుకున్న వైపే పోయింది.

ఆ సంఘం మీద మోపిన నేరం కూడా అదే: బతికి ఉన్నారన్న పేరుంది, లోపల ప్రాణం లేదు. పాటీ సరిగ్గా ఇలాంటిదే. చెడ్డ మనిషి కాదు. చర్చికి వెళుతుంది, తాను విశ్వాసినేననుకుంటుంది. పేరుకు ఉన్న భక్తి మనిషిని మేలుకొల్పదని చూపించడంలో ఈ సినిమా నిజం చెప్పింది. అందుకు దానికి గౌరవం ఇవ్వాల్సిందే. తప్పు మందు దగ్గర జరిగింది. భయం మనిషిని ఉలిక్కిపడి లేచేలా చేస్తుంది, మేలుకుని ఉండనివ్వదు. భయపడ్డవాడు ‘నేను ఉంటానా, పోతానా’ అని తననే చూసుకుంటాడు. వచ్చేవాడి వైపు చూడడు.

అదే అధ్యాయంలో, ఇంకొన్ని వాక్యాలు దాటాక, లవొదికయ సంఘానికి చెప్పిన మాటలో ఆయన తలుపు దగ్గర నిలబడి తట్టుతున్నాడు. దొంగ తలుపు తట్టడు. ఒకే అధ్యాయంలో, ఒకే నోట, రెండు రాకడలు! అదీ ధనం ఉంది, ఏ కొదువా లేదని నిశ్చింతగా ఉన్న సంఘానికి. తలుపు తీస్తే లోపలికి వచ్చి కలిసి భోజనం చేస్తానంటున్నాడు. రాకడ మనసులోనూ జరుగుతుందని పెద్దలు ధ్యానించినది ఇక్కడే. ప్రతి రోజూ మనసు తలుపు మీద తట్టు పడుతుంది. వినడం అలవాటైనవాడికి చివరి దినం తెలిసిన చప్పుడే అవుతుంది.

మరి మెలకువ అంటే ఏమిటి? నిద్రపోకుండా ఆకాశం చూడడమా? తేదీలు లెక్కగట్టడమా? ఆ దినం, ఆ గడియ కుమారుడికి కూడా తెలియదని మార్కు సువార్తలో ఆయనే చెప్పాడు, కాబట్టి లెక్కల సంగతి వదిలేద్దాం. మత్తయి 25లో పదిమంది కన్యకల కథ చూడండి. పెండ్లికుమారుడు ఆలస్యం చేసేసరికి పదిమందీ నిద్రపోయారు, బుద్ధిగలవాళ్లూ బుద్ధిలేనివాళ్లూ. నిద్ర నేరం కాలేదు. తేడా అంతా సిద్దెల్లో నూనె దగ్గర వచ్చింది. ఆ నూనె ఒకరు ఇంకొకరికి అప్పు ఇవ్వలేకపోయారు.

ఆ నూనె ఏమిటో ఆ అధ్యాయం చివర తెలుస్తుంది. రాజు సింహాసనం మీద కూర్చుని, ఆకలిగా ఉన్నాను, దప్పిగొన్నాను, పరదేశిగా వచ్చాను, జబ్బుపడ్డాను, చెరసాలలో ఉన్నాను అంటాడు. అన్నం పెట్టినవాళ్లూ, పెట్టనివాళ్లూ ఒకే ప్రశ్న అడుగుతారు: ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాం? అంటే ఆయన అప్పటికే ఎన్నోసార్లు వచ్చి వెళ్లాడు. ఎవరూ ఆనవాలు పట్టలేదు. దొంగలా రావడమంటే ఇదే అర్థమని నేను నమ్ముతాను. మబ్బుల మీద రావడానికి ముందు ఆయన మన గుమ్మం దగ్గరికి ఆకలి వేషంలో వచ్చాడు, ఆసుపత్రి మంచం మీద పడుకుని ఎదురుచూశాడు. సినిమా మత్తయి 24వ అధ్యాయంలోని హెచ్చరిక దగ్గర నిలిచిపోయింది. ఒలీవ కొండ మీద యేసు ప్రసంగం మాత్రం 25వ అధ్యాయం చివరి దాకా సాగింది.

సంఘకాపరులకు, సండే స్కూలు టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి సినిమా పిల్లలకు చూపించాలనుకుంటే చూపించండి. ఆ రాత్రే, లైటు ఆర్పి ఇళ్లకు పంపేయకుండా, థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగో అధ్యాయం 13వ వచనం నుంచి ఐదో అధ్యాయం 11 దాకా ఆగకుండా చదివి వినిపించండి. మరుసటి ఆదివారం మత్తయి 25 మొత్తం చదివి, ఆ పిల్లలను వెంటబెట్టుకుని మీ ఊళ్లో మంచానపడిన ఒక మనిషిని చూడడానికి వెళ్లండి.