మంట ఆరిపోయాక

మా అక్క కూతురు ఆరో తరగతి. ఫోన్లో లెక్కలు నేర్పే యాప్ ఒకటి వాడేది. రోజూ ఒక పాఠం చేస్తే పేరు పక్కన చిన్న మంట బొమ్మ, దాని మీద రోజుల లెక్క. వేసవిలో రైలు ప్రయాణం, సిగ్నల్ లేక ఒక్క రోజు తప్పింది. 112 కాస్తా సున్నా అయింది. ఇక యాప్ తెరవడమే మానేసింది. "ఎలాగూ పోయింది కదా మావయ్యా, ఇంకెందుకు?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. వేరే కంపెనీలో అలాంటి మంటకి కోడ్ రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్లలు రోజూ తిరిగొస్తున్నారా అని కొలిచాం. భిన్నాల మీద ఇష్టం పెరిగిందా అని కొలవలేదు.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలేయడం అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. వేశారు, తీసుకున్నారు. ఒకటి రెండు వారాల తర్వాత, బహుమతి ఊసు లేనప్పుడు, మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్ళు దాదాపు సగం సేపే వేశారు. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు.

అంటే తప్పు ఆటదా? కాదనుకుంటాను. అష్టాచమ్మాలో ఏ కాయని ఎన్ని గళ్ళు జరపాలో లెక్కేసుకోకపోతే ఆటే లేదు. వైకుంఠపాళిలో నిచ్చెనల దగ్గర సద్గుణాలు, పాముల దగ్గర దుర్గుణాలు రాసుంటాయి గానీ, మనల్ని జరిపేది పాచిక. ఆ పేర్లు చదివిన గుర్తు నాకైతే లేదు, పెద్దపాము మాత్రం గుర్తుంది. యాప్‌లో మంటా అంతే. లెక్కలు దాని దగ్గరికి వెళ్ళడానికి కట్టే టోలు.

అక్క ఒప్పుకోలేదు. "నువ్వేమన్నా ఇష్టంతో చదివావా? ర్యాంకు కోసం, నాన్న బెల్టుకి భయపడి చదివావు. దానికంటే ఈ మంట నయం కాదూ?"

నయమే. కానీ బెల్టు నాకు కనిపించేది, దాన్ని ద్వేషించే వీలైనా ఉండేది. మంట స్నేహితుడిలా వస్తుంది. అది ఎవరి లాభం కోసం వెలుగుతోందో పదకొండేళ్ళ పిల్లకి ఎవరూ చెప్పరు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే పనిచేయడం మానేసే ప్రోత్సాహాన్ని ఎర అనడమే సబబు.

మొన్న ఆదివారం తనూ నేనూ అష్టాచమ్మా ఆడాం. నా కాయని చంపాలంటే తనకి ఏడు కావాలి. "చమ్మా పడి, మళ్ళీ మూడు పడాలి" అని గొణుక్కుంటూ గవ్వలు విసిరింది. చమ్మా పడింది. తర్వాత రెండే పడింది. "ఇంకోటి ఆడదామా?" అంది, ఆట అయిపోకుండానే.