శివారు ఫోను

2020లో కాలేజీలు మూతపడ్డాక, విజయవాడలోని మా మూడు గదుల ఇంట్లో ఒక్క వైఫై మీద అందరి బతుకులూ ఆధారపడ్డాయి. ఆయన ఆఫీసు లాప్‌టాప్, అబ్బాయి కంప్యూటరు, టీవీ, నా ఫోను. ఆ ఫోనులోనే నేను డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఆయన ఆఫీసు ఫైళ్లు పైకి ఎక్కుతున్నంతసేపూ నా గొంతు తెగిపోయేది. "మేడం, వినపడట్లేదు" అనేవారు పిల్లలు. నెట్ బాగాలేదని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు అబ్బాయి రౌటర్ సెట్టింగులు తెరిచి చూపించాడు. లైను నిండినప్పుడు ఏ పరికరానికి ముందు దారివ్వాలో అందులో నిర్ణయించొచ్చట. వాళ్లిద్దరివీ 'హై'లో ఉన్నాయి. నాది 'లో'లో ఉంది.

"నువ్వు వాట్సాప్ చూసుకుంటావంతే కదమ్మా, అందుకని నాన్న అలా పెట్టాడు" అన్నాడు.

ఇందులో కుట్రేమీ లేదు. అందరూ తిన్నాక మిగిలింది నేను తినాలని మాత్రం ఎవరు కుట్ర చేశారు?

మా పుట్టిల్లు దివిసీమలో, అవనిగడ్డ దగ్గర. కాలవకు శివారు భూములు. బెజవాడలో 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయినా నీళ్లు తక్కువైన ఏడు పైఊళ్ల చేలు తడిశాకే మాకు. కాలవ నిండుగా పారే ఏడు వంతుల మాట ఎవరూ ఎత్తరు. కొరత వచ్చినప్పుడే ఎవరు ముందో, ఎవరు వెనకో బయటపడుతుంది. ఇంటి వైఫై కూడా అంతే.

అలాగని అందరికీ సమానంగా పంచితే న్యాయమా? మాట్లాడే గొంతుకు సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు. పెద్ద ఫైలుకు ఎంత ఇచ్చినా చాలదు, కానీ అది ఓ గంట ఆగగలదు. గొంతు అర సెకను ఆగినా మాట పోతుంది. కాబట్టి ఎవరికి ఎంత కావాలన్నదానికంటే ముందు, ఎవరు ఆగలేరని అడగాలి. ఆడవాళ్లని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మన ఓర్పును, అవసరం లేకపోవడంగా లెక్కగడతారు. నేనూ అలాగే లెక్కగట్టుకున్నాను.

రాసే స్త్రీకి డబ్బూ సొంత గదీ కావాలని 1929లో వర్జీనియా ఊల్ఫ్ అంది. దానికి నేను రౌటర్ పాస్‌వర్డు కూడా చేరుస్తాను. అడిగి తీసుకున్నాను. నా ఫోనును పైకి జరిపాను.

జాబితా చివర ఇంకో ఫోను కనిపించింది. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురిది. మెట్ల మీద కూర్చుని పదో తరగతి పాఠాలు వినేది. 'ఊరికే ఇస్తున్నాం కదా' అనుకుని దాన్ని 'లో'లో పెట్టేశాను. రెండ్రోజుల తర్వాత ఆ పిల్ల, "మీ క్లాసప్పుడు మా సారు ఆగిపోతున్నారు మేడం" అంది. ఫిర్యాదుగా కాదు. నెట్ బాగాలేదన్నట్టే అంది.

పైకి జరిగిన వాళ్లకి శివారు కనపడదని దివిసీమలో పుట్టిన నాకు ఇంకొకరు చెప్పాల్సొచ్చింది. ఆ సాయంత్రమే వరుస మార్చాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆ వరుస మార్చింది నేనే, ఆ పిల్ల కాదు. కాలవ లస్కరు మంచివాడైనంత మాత్రాన శివారు రైతుకు హక్కు వచ్చినట్టేనా?