నీలాపనింద: ఊహకు హద్దు ఎక్కడ?

భాద్రపద శుద్ధ చవితినాడు పూజ ముగించి, అక్షతలు చేతబట్టుకొని తెలుగు కుటుంబములు వినెడి కథ శ్యమంతకోపాఖ్యానము. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు వెళ్ళినాడు, తిరిగి రాలేదు. మణి లేదు, మనిషి లేడు. పూర్వమొకసారి శ్రీకృష్ణుడు ఆ మణిని అడిగియున్నాడు. ఈ రెండు మాటలను ముడివేసి, కృష్ణుడే ప్రసేనుని చంపి మణిని అపహరించినాడని సత్రాజిత్తు అన్నాడు, ఊరు నమ్మినది. భగవంతునికే తప్పని నీలాపనింద సామాన్యునికి తప్పునా?

తెలియని దానిని గురించి ఊహింపక మనుష్యుడు ఉండలేడు. ఊహ బుద్ధికి సహజ ధర్మము. అయితే ఆ ఊహ ఏ గీటు దాటినప్పుడు పాపమగును? ఈ ప్రశ్న పురాణకాలముతో ముగిసిపోలేదు. అమెరికా దేశమున జరిగిన ఒక దొంగతనము దీనినే మరల లోకము ముందుంచినది.

ఇండియానా రాష్ట్రమున, ఇండియానాపొలిస్ నగరమును ఆనుకొని స్పీడ్‌వే అను చిన్న పట్టణము కలదు. 1978 నవంబరు 17, శుక్రవారము రాత్రి, అక్కడి బర్గర్ చెఫ్ అను భోజనశాలలో నలుగురు యువతీయువకులు వేళ ముగిసిన పిదప తలుపులు మూసి శుభ్రము చేయుచున్నారు. వారి వయస్సు 16 మొదలు 20 ఏండ్ల లోపల. అర్ధరాత్రి దాటిన తరువాత, ఆనాడు పని లేని మరియొక ఉద్యోగి అటు వచ్చి చూడగా వెనుక తలుపు తెరచియున్నది, ఇనుప పెట్టె తెరచియున్నది, మనుష్యులు లేరు. పోయిన సొమ్ము సుమారు 581 డాలర్లు. ఆడపిల్లల చేతిసంచులు మాత్రము అక్కడనే ఉన్నవి.

సొమ్ము లేదు, పిల్లలు లేరు. కనుక పిల్లలే సొమ్ము తీసికొని ఎక్కడికో విలాసముగా వెళ్ళియుందురని పోలీసులు మొదట తలచినారు. మరునాటి ఉదయము భోజనశాలను కడిగి, తుడిచి, యథాప్రకారము తెరచినారు. ఆదివారము నాడు, దక్షిణముగా ఉన్న జాన్సన్ కౌంటీలోని ఒక అడవిలో ఆ నలుగురి శవములు దొరికినవి. దొంగలని తలచినవారు దొంగల చేత హతులైనవారు. ఇంటివద్ద బట్టలు వదలిన బిడ్డల కొరకు ఎదురుచూచిన తల్లిదండ్రులకు ఆ రెండు దినములు ఎట్టివో ఊహింపవచ్చును. ఆ ఊహ మాత్రము ఎవరికిని హాని చేయదు.

అటుపిమ్మట లోకుల ఊహలు మొదలైనవి. ఇంత స్వల్ప ధనమునకు నాలుగు ప్రాణములు తీయుదురా అని కొందరు. దొంగలలో ఒకనిని పిల్లలు గుర్తుపట్టినందుననే ఈ ఘోరము జరిగినదని మరికొందరు. మాదకద్రవ్యముల బాకీ కారణమని ఇంకొందరు. నాలుగు దశాబ్దములకు పైగా గడచినను ఈ నేరమునకు ఎవరికిని శిక్ష పడలేదు. ఊహలకు మాత్రము కొరత లేదు.

పోలీసుల మొదటి ఊహ దుర్మార్గమైనదని చెప్పరాదు. కుర్రవాండ్రు అట్టి పనులు చేసిన సందర్భములు లోకములో లేకపోలేదు. పైగా ఆ ఊహలో ఆ నలుగురు ప్రాణములతో ఉన్నారు. దోషము ఊహించుటలో లేదు. ఊహను నిజమని నమ్మి నేల కడుగుటలో ఉన్నది.

తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. కొండపై పొగను చూచి నిప్పు ఉన్నదని గ్రహించుట అనుమాన ప్రమాణము. పొగ ఉన్నచోట నిప్పు ఉండునని వంటయింటిలో ముందే చూచియుండుట దానికి ఆధారము. నిప్పు లేనిదే పొగ రాదని సామెత కూడ చెప్పును. కాని మంచును చూచి పొగ అనుకొన్నచో తర్కము ఏమి చేయగలదు? సొమ్ముతో పాటు మనిషి కనబడకపోవుట దొంగతనమునకు గురుతు కావచ్చును, అపహరణమునకును గురుతు కావచ్చును. రెండు వైపుల నిలిచెడి హేతువు ఏ ఒక్క వైపును నిరూపింపజాలదు.

కనబడనివాడు నేరస్థుడను భావము తోటలలో బ్రతికిన కుటుంబములకు క్రొత్తది కాదు. మారిషస్ చెరకు తోటలలో ఒక దినము పనికి రాని కూలివానికి రెండు దినముల కూలి కోసెడి ‘డబుల్ కట్’ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున ఉండెను. రానివాడు పని ఎగగొట్టినాడని చిట్టాలో వ్రాయుట సులభము. తన కారణమును నిరూపించుకొనుట ఆ కూలివానికి దుర్లభము. 1867 చట్టము తరువాత ఒప్పందము తీరినవారు సైతము పాసు లేక బాటపై కనబడినచో దేశదిమ్మరులని పట్టుబడినారు. 1871లో అదోల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయముతో వారు మహజరు సమర్పించినారు. 1872లో రాయల్ కమిషన్ వచ్చి విచారించినది. 1875లో వెలువడిన నివేదిక వారి మొరలో నిజమున్నదని తేల్చినది. ఎవరో ఒకరు ఊహను ప్రక్కనబెట్టి విచారించినందుననే ఆ పూర్వికుల నింద కొంతయైన తొలగినది.

శ్రీకృష్ణుడు చేసినదియు అదియే. నింద వేసినవారితో వాదింపలేదు. ఎదురు నింద వేయలేదు. అడవికి వెళ్ళి అడుగుజాడలు వెదకినాడు. ప్రసేనుని కళేబరము, అటుపై సింహపు అడుగులు, అటుపై భల్లూకపు అడుగులు, వాని వెంట జాంబవంతుని గుహ. జాడలు చెరగిపోలేదు కనుక సత్యము దొరికినది, సత్రాజిత్తు పశ్చాత్తాపపడుటకు అవకాశమును దొరికినది. స్పీడ్‌వేలో జాడలను నీళ్ళతో కడిగినారు. అక్కడ పశ్చాత్తాపము మిగిలినను సత్యము మిగులలేదు.

కావున ఊహకు హద్దు ఇదియే: జాడను వెదకించెడి ఊహ విచారణ, జాడను చెరపెడి ఊహ నింద. అంగడి అరుగుపైనను, పెండ్లి పందిరిలోనైనను, ఎదుటలేని మనుష్యుని గురించి మాట రాబోవునప్పుడు ఆ మనుష్యుని తల్లి అక్కడ కూర్చుండియుండిన ఆ మాట అనగలమా అని ఒక్క క్షణము ఆగుట చాలును.

కథ విని అక్షతలు శిరస్సున ధరించినవారికి నీలాపనిందలు కలుగవని పెద్దల మాట. ఆ అక్షతలు ధరించిన శిరస్సునుండి మరియొకరిపై నీలాపనింద వెలువడకుండుట ఆ వ్రతమునకు తగిన ఫలము.