కొన్నదెవరు, నడిచేదెవరు, నూనె వేసేదెవరు?

ఒక వస్తువు ‘మనది’ అంటాం. ఆ ఒక్క మాటలో మూడు పనులు ఇమిడి ఉన్నాయి: డబ్బిచ్చి కొనడం, వాడుకోవడం, చెడిపోకుండా చూసుకోవడం. మూడూ ఒక్కరే చేస్తున్నంత కాలం వీటిని గురించి ఆలోచించవలసిన అవసరమే రాదు. విడిపోయినప్పుడే చిక్కు. మన ఇళ్ళలో చేరిన ట్రెడ్‌మిల్ దగ్గర ఆ చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది.

షోలాపూరులో మన పద్మశాలీల చేతిమగ్గం సంగతి వేరు. నేసేవాడే దాన్ని దులిపేవాడు, తెగిన పోగు అతికేవాడు, నాడె అరిగితే చూసుకునేవాడు. మరమగ్గాలు వచ్చాక యజమాని ఒకరు, నేసేవారు ఒకరు అయ్యారు. అయినా మగ్గం శబ్దంలో తేడా వస్తే ముందు తెలిసేది దాని ముందు నిలబడిన మనిషి చెవికే.

ట్రెడ్‌మిల్ పుట్టుక ఇంత మర్యాదైనది కాదు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని ఖైదీల కోసం తయారుచేశాడు. పెద్ద చక్రానికి మెట్లు. ఖైదీలు వరసగా నిలబడి గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి. కొన్ని జైళ్ళలో ఆ చక్రం పిండి విసిరేది, కొన్నిట్లో ఉత్త గాలిని విసిరేది. 1898 నాటి జైళ్ళ చట్టంతో అక్కడ ఆ శిక్షకు తెరపడింది. చక్రం ప్రభుత్వానిది, కాళ్ళు ఖైదీవి. దాని బాగోగులతో ఖైదీకి నిమిత్తం లేదు. అది విరిగిపోతే అతనికి పండగే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కొడుకు పుణేలోనో అమెరికాలోనో ఉంటాడు. అమ్మకు షుగరు, డాక్టరు నడవమన్నాడు. తెల్లవారుజామున వీధిలో కుక్కలు, ఆపైన లారీలు. కొడుకు డబ్బు కట్టాడు, యంత్రం ఇంటికి వచ్చింది, అమ్మ నడుస్తోంది. ఇద్దరి పనులూ తేలాయి. మూడో పనికి మనిషి లేడు. ఖండేనవమినాడు స్కూటరుతోపాటు దానికీ కుంకుమబొట్టు పడుతుంది. నేను పూజను తప్పుపట్టను గాని, బొట్టు పెట్టిన చెయ్యి బెల్టు కింద ఒకసారి తడిమి చూస్తే బాగుండును.

తడిమితే ఏం తెలుస్తుంది? బెల్టు కింద ఉన్న పలక మీద సిలికాన్ నూనె పొర ఉండాలి. అది ఎండిపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. చివరికి మోటారో, దాన్ని నడిపే సర్క్యూటు పలకో కాలిపోతుంది. అంతకంటే ముందే బెల్టు పాదం కింద పట్టి పట్టి కదులుతుంది. చాలా యంత్రాలకు రెండు మూడు నెలలకోసారి నూనె చాలు. మైనం పూత ఉన్న పలకలకు అదీ అక్కరలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం చూడాలి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పనికిరావు, బెల్టు పాడవుతుంది. బెల్టు ఎడమకు జరుగుతుంటే, ఎవరూ ఎక్కకుండా నెమ్మదిగా తిరగనిచ్చి, వెనక ఎడమవైపు మరను కుడివైపుకి పావు చుట్టు తిప్పి కాసేపు ఆగి చూడాలి. ఒక్కసారే బిగించెయ్యకూడదు, పడుగు సరిచేసినవాళ్ళకి ఈ ఓపిక కొత్త కాదు. ప్లగ్గు పీకి, మోటారు మూత కింద చేరిన దుమ్ము ఏడాదికి ఒకటి రెండుసార్లయినా తీయాలి. అంతే పని.

ఇంత చిన్న పనికి ధర్మాధర్మాల ప్రసక్తి ఎందుకని అడగవచ్చు. యంత్రం చెడితే పోయేది డబ్బే అయితే నేనూ అడగను. కానీ బెల్టు జారిన క్షణంలో పడేది కొన్నవాడు కాదు, నమ్మి అడుగు వేసిన మనిషి. అరవై దాటిన మనిషికి తుంటి ఎముక విరగడమంటే ఏమిటో చాలా ఇళ్ళకు తెలుసు.

ఏడాదికి ఇంత అని కట్టి మెకానిక్‌ను పెట్టుకుంటే సరిపోదా అంటారు. పెట్టుకోవాలి, తప్పులేదు. కాని అతను ఎప్పుడో వస్తాడు. మాడు వాసన, కొత్తగా మొదలైన కిచకిచ ఆ మెకానిక్‌కు ఎలా తెలుస్తాయి? అవి తెలిసేది అమ్మకే. తెలిసినా ఆమె చెప్పదు. కొడుకు కొనిచ్చిన దానికి వంక పెట్టినట్టవుతుందని ఊరుకుంటుంది. నాకు ఈ మౌనమే అన్నిటికంటే బరువుగా కనిపిస్తుంది. ఇచ్చినవాడు ఇవ్వడంతో తన పని అయిందనుకున్నాడు. పుచ్చుకున్నామె అడగడం మర్యాద కాదనుకుంది. ఇద్దరిలో మొదట మాట్లాడవలసినది ఇచ్చినవాడేనని నా అభిప్రాయం. ఆదివారం ఫోనులో “నడుస్తున్నావా అమ్మా?” అని ఎలాగూ అడుగుతాడు. యంత్రంతోపాటు వచ్చిన ఆ వంకర తాళంచెవి ఏ సొరుగులో ఉందో, నూనె సీసాలో ఇంకా ఎంత మిగిలిందో కూడా అడగవచ్చు.