నిజం చెప్పటానికి సాహసం యెందుకు కావాలి?

నీతిని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా వ్యక్తులనే చూస్తాం. ఫలానా అధికారి లంచగొండి, ఫలానావాడు నిజాయితీపరుడు అని తేల్చి తృప్తిపడతాం. ఆ యిద్దరిమధ్య నోరు మూసుకుని కూచున్న వందమంది మన లెక్కలోకి రారు. అవినీతి నిలబడేది మాత్రం ఆ వందమంది భుజాలమీదనే. మాదకద్రవ్యాల వ్యాపారంలో అధికారుల పాత్రను పరిశీలిస్తే యీ సంగతి స్పష్టమవుతుంది.

దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడు ఫిర్యాదు చేస్తాడు. హత్య జరిగితే శవం సాక్ష్యం చెపుతుంది. హెరాయిన్ వ్యాపారంలో అమ్మేవాడూ చెప్పడు, కొనేవాడూ చెప్పడు. ఆ నేరాన్ని కనిపెట్టవలసిన కన్ను పోలీసుది. ఆ కన్నే అమ్ముడుపోతే, ఆ సంగతి తెలిసేది చాలావరకు పక్కనున్న మరో పోలీసుకే. కనక లోపలిమనిషి నోరు నొక్కితే నేరం మొత్తానికి సమాధి కట్టినట్టే.

న్యూయార్కు నగరంలో జరిగింది చూడండి. ఫ్రాంక్ సెర్పికో 1959లో అక్కడి పోలీసుశాఖలో చేరాడు. తోటివాళ్లు జూదగాళ్లదగ్గర నెలనెలా మామూళ్లు వసూలుచేసి పంచుకుంటూవుంటే తన వాటా తీసుకోలేదు. పై అధికారులకు చెప్పాడు. నగరపాలకులదాకా కబురు చేర్చాడు. యెవరూ కదలలేదు. 1970 ఏప్రిల్‌లో విషయం పత్రికకెక్కిన తరవాత మేయరు లిండ్సే నాప్ అధ్యక్షతన విచారణసంఘాన్ని వేశాడు. 1971 ఫిబ్రవరి 3న బ్రూక్లిన్‌లో మాదకద్రవ్యాలు అమ్మేవాణ్ణి పట్టుకోబోయిన సెర్పికోకు ముఖాన తుపాకిగుండు తగిలింది. తోటి పోలీసులు సహాయానికి కబురు పంపలేదనీ, పొరుగున వున్న ఒక ముసలాయన ఫోను చేయబట్టి బతికాననీ అతను చెప్పాడు. తోటివాళ్లు కావాలని చేశారని రుజువు కాలేదు. కాని అటువంటి అనుమానానికి తావున్న శాఖలో నిజాయితీకి యెంత రక్షణ వుందో వేరే చెప్పాలా?

1972లో వెలువడిన నాప్ నివేదిక లంచగొండులను రెండు జాతులుగా విభజించింది. వేటాడి మాంసం తినేవాళ్లు కొందరు; దారిలో దొరికిన గడ్డి మేసేవాళ్లు చాలామంది. డబ్బుకోసం గడ్డి తినటమనే మాట మనకూ కొత్తకాదు. అసలు ప్రమాదం గడ్డి మేసేవాళ్లవల్లనే అన్నది నివేదిక. వాళ్ల సంఖ్యాబలమే లంచానికి పరువు తెచ్చిపెట్టింది. మౌనాన్ని ధర్మంగా మార్చింది. పూర్వం ఆ లంచాలకు కూడా ఒక మడి వుండేది. జూదం సొమ్ము ఫరవాలేదు, మాదకద్రవ్యాల సొమ్ము మైల. చిన్నదానికి అలవాటుపడ్డ చేతులు పెద్దదాన్ని యెంతకాలం ముట్టకుండా వుంటాయి? ఆ మడీ పోయింది. 1962లో ఒక పెద్ద కేసులో పట్టుబడిన హెరాయిన్ పోలీసుల కొట్టులోనే మాయమైందని 1972 డిసెంబరులో బయటపడింది. సంచుల్లో మిగిలింది పిండి!

తోటివాణ్ణి పట్టియివ్వటం ద్రోహం కాదా అని కొందరు అడుగుతారు. కార్మికుల సంఘీభావాన్ని గౌరవించే మనం యీ ప్రశ్నను తోసిపుచ్చరాదు. సమ్మెలో కార్మికులు ఒకరినొకరు విడవకపోవటం, బలంలేనివాళ్లు బలవంతుణ్ణి యెదిరించటానికి చేసుకున్న కట్టు. లాఠీ, తుపాకి, చట్టం చేతిలో వున్నవాళ్లు ఒకరి తప్పు ఒకరు కప్పుకోవటం ప్రజలమీద కట్టిన కట్టు. రెంటికీ రూపం ఒకటే, ప్రయోజనం వేరు. జీతమిచ్చే ప్రజలకు చేసే ద్రోహాన్ని స్నేహధర్మమని పిలవటం మాటలగారడీ.

మన దేశం సంగతేమిటి? నేరగాళ్లతో కుమ్మక్కయిన అధికారికి పదేళ్లకు తగ్గని ఖైదు విధించాలని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చెపుతున్నది. ఆ కేసు కోర్టుకెక్కాలంటే ప్రభుత్వం ముందుగా అనుమతించాలని కూడా అదే చట్టం చెపుతున్నది! పట్టుబడిన సరుకు దొంగతనంగా మళ్లీ బజారుకు చేరే ప్రమాదాన్ని గుర్తించి, దాని నిలవకూ ధ్వంసానికీ సుప్రీంకోర్టు 2016లో కట్టుదిట్టాలు విధించవలసివచ్చింది. అక్రమాలను బయటపెట్టేవారి రక్షణకోసం చేసిన చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం లభించింది. పదేళ్లు నిండేనాటికి కూడా ప్రభుత్వం దాన్ని అమలులోకి తీసుకురాలేదు. గొడుగు కొని అటకమీద పెట్టి, వానలో నడవమన్నట్టుంది యీ వ్యవహారం.

నిజాయితీపరుడు భయపడటం కాదు, నిజాయితీపరుణ్ణి చూసి లంచగొండి భయపడే పరిస్థితి రావాలన్నది విచారణసంఘం యెదుట సెర్పికో చెప్పిన మాటల సారాంశం. అతనికి పతకమిచ్చారు, అతను వుద్యోగం వదిలి దేశందాటి వెళ్లాడు. వీరులకు సన్మానం చెయ్యటం తేలిక. వీరుడు కానక్కరలేకుండానే సామాన్య గుమాస్తా, సామాన్య కానిస్టేబులు తాను చూసింది చెప్పి, మర్నాడు నిశ్చింతగా పనికి వెళ్లగలిగే యేర్పాటు చెయ్యటం కష్టం. ఆ వందమంది నోరు విప్పాలంటే సాహసాన్ని బోధించి లాభం లేదు, సాహసం అవసరాన్ని తొలగించాలి. సమాజం నీతిని కొలవవలసింది అక్కడ.